రాత్రి ప్రార్థన అంటేనే పిల్లలు మొహం ముడుచుకుంటున్నారు. మీ ఇళ్ళలో ఎలా చేస్తున్నారు?

మియాపూర్ అమ్మ అడిగారు:

అందరికీ వందనాలు.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. పెళ్ళయినప్పటి నుంచి హైదరాబాద్‌లోనే, మియాపూర్‌లో ఉంటున్నాం. బాబుకి పదేళ్ళు, పాపకి ఆరు. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. ఆయన ఇల్లు చేరేసరికి రోజూ తొమ్మిదిన్నర దాటుతుంది.

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నాలకి ముందు కుటుంబ ప్రార్థన తప్పేది కాదు. కరెంటు పోతే నాన్న లాంతరు దగ్గరికి జరుపుకుని చదివేవాడు. అమ్మ కీర్తన ఎత్తుకుంటే పక్కింటి పెద్దమ్మ వాళ్ళ అరుగు మీద నుంచే అందుకునేది. నేను ఎన్నోసార్లు మధ్యలోనే అమ్మ ఒళ్ళో నిద్రపోయాను. లేపి కూర్చోబెట్టినట్టు మాత్రం గుర్తు లేదు.

నా పిల్లలకీ అదే ఇవ్వాలని పట్టుబట్టాను. తొమ్మిదింటికి టీవీ కట్టేయడం, ఒక అధ్యాయం వంతులవారీగా చదవడం, కంఠత వాక్యం అప్పజెప్పడం, తర్వాత నా ప్రార్థన. మొత్తం అరగంట. బాబు గడియారం వైపు చూస్తూ ఉంటాడు. పాప చాప అంచు పీకుతూ ఉంటుంది. 'ఆమేన్' అనగానే ఇద్దరూ బడి గంట కొట్టినట్టు లేచి పరిగెడతారు.

పోయిన గురువారం జరిగింది చెప్తాను. మర్నాడు బాబుకి లెక్కల పరీక్ష. నాకేమో ఆఫీసులో చాలా టెన్షన్‌గా గడిచిన రోజు. మూడుసార్లు పిలిచినా వాడు రాలేదు. వెళ్ళి వీపు మీద ఒక్కటి వేసి, రెక్క పట్టుకుని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టాను. వెంటనే కళ్ళు మూసుకుని "ప్రేమగల తండ్రీ" అని మొదలుపెట్టాను. వాడు ఏడవలేదు. మెల్లగా అడిగాడు: "ఇప్పుడే నన్ను కొట్టి, దేవుడితో ఎలా మాట్లాడుతున్నావమ్మా?"

నాకు నోట మాట రాలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అప్పటి నుంచి నాలుగు రోజులుగా మా ఇంట్లో ప్రార్థన లేదు. ఏమైందమ్మా అని పిల్లలు అడగను కూడా అడగలేదు. అది ఇంకా ఎక్కువ బాధగా ఉంది.

"ప్రార్థన చేయండి సిస్టర్, ప్రభువే చూసుకుంటాడు" అని మాత్రం రాయకండి. అది చేస్తూనే ఉన్నాను. మీ ఇళ్ళలో పిల్లలతో నిజంగా ఏం జరుగుతోందో, అదే చెప్పండి.

---

తెనాలి తాతయ్య రాశారు:

అమ్మా, వందనాలు. నాకు డెబ్భై దాటాయి. ముగ్గురు పిల్లల్ని పెంచాను, ఇప్పుడు మనవలున్నారు. పిల్లలు మొహం ముడుచుకున్నారని కుటుంబ ప్రార్థన ఆపకండి. చదువుకోమన్నా ముడుచుకుంటారు, కాకరకాయ కూర వడ్డించినా ముడుచుకుంటారు, మనం మానేస్తామా? బాలుడు నడవవలసిన త్రోవను వాడికి నేర్పమని సామెతల గ్రంథం 22వ అధ్యాయంలో ఉంది. నేర్పేది పెద్దవాళ్ళు. ఈ రోజే మళ్ళీ మొదలుపెట్టండి. ఐదో రోజుకి ఇంకా కష్టమవుతుంది.

మీరు చెయ్యి చేసుకోవడం మాత్రం తప్పు. నేనూ ఆ తప్పు చేసినవాడినే కాబట్టి చెప్తున్నాను. మా పెద్దవాడికి ఇప్పుడు నలభై ఆరు. ఆ దెబ్బలు వాడికి గుర్తున్నాయి.

---

బెజవాడ గూడ్సు బండి రాశారు:

సిస్టర్, నేను గూడ్స్ లోకో పైలట్‌ని. మీ ఆయన తొమ్మిదిన్నరకి వస్తారన్నారు. నేనైతే ఏ రోజు ఎన్నింటికి వస్తానో నాకే తెలియదు. అర్ధరాత్రి రెండింటికి డ్యూటీకి పిలిచినా వెళ్ళాలి. అందరం కలిసి చాప మీద కూర్చోవడం మా ఇంట్లో నెలకి ఏడెనిమిది రోజులు కుదిరితే ఎక్కువ.

అందుకని మా ఎనిమిదేళ్ళ పాప తనే ఒక పద్ధతి పెట్టింది. నేను కాజీపేట వైపు వెళ్తున్నానంటే రాత్రి పడుకునే ముందు స్టేషన్ల పేర్లు వరసగా చెప్పి ప్రార్థన చేస్తుంది. మధిర, ఖమ్మం, డోర్నకల్, మహబూబాబాద్, కాజీపేట. మొదట్లో "నాన్న బండికి అన్నీ పచ్చ లైట్లే రావాలి ప్రభువా" అనేది. ఒకసారి నేను ఇంట్లో ఉండగా విన్నాను. విని, "ఎర్ర లైటు కూడా నన్ను కాపాడటానికే తల్లీ, ముందు ఇంకో బండి ఉంటే ఆగమని చెప్తుంది" అన్నాను. చాలాసేపు ఆలోచించింది. ఇప్పుడు "పచ్చదైనా ఎర్రదైనా నాన్నకి సరిగ్గా కనపడాలి" అంటోంది.

డ్యూటీ దిగి రన్నింగ్ రూమ్‌కి, అంటే బండి సిబ్బంది విశ్రాంతి గదికి, వెళ్ళాక ఫోన్ చేస్తాను. అప్పటికి మెలకువగా ఉంటే 121వ కీర్తనలో చివరి వచనం ఇద్దరం కలిసి చెప్తాం. రాకపోకల్లో కాపాడతానన్న మాట. దానికి నిమిషం కూడా పట్టదు. మా ఇంటి వరకు కుటుంబ ప్రార్థన అంటే ఇదే. మీరు అరగంట అన్నారు కదా, పదేళ్ళ పిల్లాడికి, అందులోనూ పరీక్ష ముందు రోజు, అది ఎక్కువ. తగ్గించండి.

---

పిడికెడు బియ్యం రాశారు:

చెల్లీ, వందనాలు. మీ పోస్టు నిన్న రాత్రే చదివాను, వెంటనే రాయలేకపోయాను. మీ బాబు అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, ఆ అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పాడు కదా, మత్తయి 5లో. మీవాడు అన్నది అదే. మీరు ఇన్నాళ్ళు చదివిందీ పాడిందీ వాడికి ఎక్కకపోతే ఆ ప్రశ్న వాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది? దేవుడితో మాట్లాడటానికీ అమ్మ చేతికీ సంబంధం ఉండాలని వాడికి తెలుసు. కాబట్టి మొదట వాడి దగ్గరికి వెళ్ళండి. "కొట్టడం నాది తప్పు నాన్నా" అనండి. "కానీ నువ్వు కూడా పిలిస్తే రాలేదు కదా" అని మాత్రం తోక తగిలించకండి. నేను ఒకసారి అలా తగిలించి, చెప్పిన సారీ అంతా పాడు చేసుకున్నాను.

ఇక మా ఇంటి సంగతి. మాది డోర్నకల్ దగ్గర ఊరు, ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాం. అజరయ్య గారు 1912లో డోర్నకల్‌కి బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. మా నాయనమ్మ వాళ్ళ నాన్న ఆయన కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. కూలి చేసుకునే మనిషి. నాయనమ్మకీ చదువు రాదు. కాబట్టి ఆమె మాకు బైబిలు చదివి వినిపించింది ఏమీ లేదు. ఆమె దగ్గర ఉన్నది ఒక కుండ.

పూటకి బియ్యం కొలిచి చాటలో పోశాక, కడగడానికి ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. ఇంట్లో ఉన్నది ఒక్క సోలెడైనా సరే, ముందు పిడికెడు తీశాకే ఎసట్లోకి. వారమంతా అలా పోగైన బియ్యం ఆదివారం మూట కట్టి గుడికి తీసుకుపోయేది. చేతిలో పైసా ఆడని ఆడవాళ్ళు వేసే కానుక అది. మా ఊళ్ళో అయ్యగారి (పాస్టరు గారి) ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ పిడికెళ్ళతోనే. డోర్నకల్ పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. పైన గుమ్మటాలు, లోపల మండపం లాంటి స్తంభాలు, చూడటానికి ఎంతో బాగుంటుంది. నాకు మాత్రం అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాయనమ్మ కుండే గుర్తొస్తుంది.

పెళ్ళయ్యాక నేనూ ఒక స్టీలు డబ్బా పెట్టుకున్నాను. పిల్లలకి నేర్పాలని పెట్టలేదు. చిన్నప్పటి నుంచి చూశాను కాబట్టి చెయ్యి ఊరుకోలేదు, అంతే. మా పాపకి మూడేళ్ళప్పుడు స్టూలు ఎక్కి, "నేనేస్తా, నేనేస్తా" అని మొదలుపెట్టింది. దాని పిడికిట్లో ఎన్ని గింజలు పడతాయి చెప్పండి, సగం గట్టు మీదే పోయేవి. ఆ ఒలికినవి ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసేది. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. పన్నెండేళ్ళ అన్నతో రోజూ వంతు కోసం తగువు పడుతుంది.

ఒక రోజు అడిగింది, "అమ్మా, ఈ బియ్యం దేవుడు తింటాడా?" అని. నాకు సమాధానం చెప్పాలనిపించలేదు. చూపించాలనిపించింది. మా సంఘంలో ఈ బియ్యం ఎవరూ లేని ఇద్దరు ముసలమ్మలకి వెళ్తుంది. శనివారం దాన్ని వెంటబెట్టుకుని ఒకామె ఇంటికి వెళ్ళాను. ఆమె మూట విప్పి, బియ్యం దోసిట్లోకి తీసుకుని వెలుతుర్లో చూసి, "ఇందులో సన్నబియ్యం కలిసినయ్ బిడ్డా, అన్నం మెత్తగుంటది" అని మురిసిపోయింది. ఇంటికొచ్చే దారంతా మా పాప ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున మాత్రం, "ఆ అమ్మమ్మకి పళ్ళు లేవు కదా, రోజూ సన్నబియ్యమే వేద్దాం" అంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. రెండేళ్ళ కింద మే నెలలో సెలవులకి మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళి నెలన్నర ఉండిపోయాం. వెళ్ళేటప్పుడు ఆ డబ్బా సంగతే మర్చిపోయాను. వచ్చి మూత తీస్తే నల్ల పురుగు. గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టాయి. చాటలో పోసి మేడ మీద ఎండలో పెట్టాం. పురుగులు పాక్కుంటూ చాట అంచుకి చేరుతుంటే పిల్లలిద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని పుల్లతో తీసేస్తున్నారు. నేను చెరుగుతూ, బాగు చేసి ఆదివారం ఇచ్చేద్దాంలే అనుకుంటున్నాను. అప్పుడు మా బాబు అడిగాడు, "అమ్మా, మన డ్రమ్ములో బియ్యానికి కూడా పురుగు పట్టిందా?" లేదు నాన్నా, దానికి వేపాకు వేసి వెళ్ళాం కదా అన్నాను. "మరి మనవాటికి వేపాకు వేసి, దేవుడివాటికి ఎందుకు వెయ్యలేదు?" అన్నాడు.

చెరగడం ఆపేశాను. చివరికి వాడే తేల్చాడు. పురుగు పట్టిన బియ్యం మనం తిందాం, డ్రమ్ములోంచి అంతే కొలిచి డబ్బాలో పోద్దాం అని. అలాగే చేశాం. వారం రోజులు ముక్కవాసన వచ్చే అన్నం తిన్నాం. మా ఆయన ఒక్క ముద్ద కూడా వదల్లేదు, ఒక్క మాటా అనలేదు. ఆ వారం మా ఇంట్లో జరిగినట్టు ఏ సండే స్కూల్లోనూ జరగలేదని నేను నమ్ముతాను.

తాతయ్య గారూ, మీరు రాసిన సామెతల వాక్యం నాకూ ఇష్టం. కానీ అందులో ఉన్నది నడవవలసిన త్రోవ అండి. త్రోవ మీద నడిపిస్తేనే తెలుస్తుంది. ద్వితీయోపదేశకాండము 6లో దేవుడు చెప్పింది కూడా అదే కదా. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు ఈ మాటలు పిల్లలతో మాట్లాడమన్నాడు. ఆ నాలుగింటినీ మనం రాత్రి తొమ్మిదింటికి ఒక్క చాప మీదకి తెచ్చి కుక్కుతున్నాం.

మా ఇంట్లో ఇంకేం జరుగుతుందంటే, పొద్దున టిఫిన్ డబ్బా మూత పెట్టి ఇచ్చేటప్పుడు తల మీద చెయ్యి వేసి ఒక్క మాట అంటాను. ఆ రోజు దేనికి భయపడుతున్నారో దాని గురించే. "ఈ రోజు హిందీ టీచరు అడిగినప్పుడు వీడికి గుర్తు రావాలి తండ్రీ" లాంటివి. బండి మీద వెళ్తున్నప్పుడు 108 బండి కనపడితే వెనక కూర్చున్న వాళ్ళు లోపల ఉన్న మనిషి కోసం ప్రార్థన చేస్తారు. ఇది మా బాబు మొదలుపెట్టాడు. వాళ్ళ తాతని ఒక రాత్రి అందులోనే తీసుకెళ్ళాం.

రాత్రి చాప మేమూ వేస్తాం, మానలేదు. ఒక కీర్తన, రోజులో జరిగిన ఒక మంచి, ఒక చెడ్డ. నిద్రపోతే పోనిస్తాను. మీరు మీ అమ్మ ఒళ్ళో నిద్రపోయానని రాశారు చూడండి. మీకు అంత భక్తి ఉండి, మీ అమ్మగారి ఇంటి ప్రార్థనలో మీకు ముందుగా గుర్తొచ్చింది ఆ ఒడి. మీ పాపని చాప మీద నుంచి తీసి ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.

---

పటాన్‌చెరు రాశారు:

పైన అక్కయ్య రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. మా ఇంటి పరిస్థితి కొంచెం వేరు. మా ఆవిడ పుట్టింటి వాళ్ళు హిందువులు. సంక్రాంతికి పిల్లలు అక్కడే ఉంటారు, అరిసెలు తింటారు, ముగ్గుల్లో గొబ్బెమ్మలు పెట్టే దగ్గర కజిన్స్‌తో నిలబడతారు. ఒకసారి సండే స్కూల్ నుంచి వచ్చి మా చిన్నోడు, "అమ్మమ్మ మనతో పరలోకానికి రాదా?" అని అడిగి ఏడ్చాడు. నేను వాణ్ణి ఎత్తుకుని, "తీర్పు తీర్చే పని దేవుడు మనకి ఇవ్వలేదు నాన్నా, ప్రేమించే పని ఇచ్చాడు, అది మనం సరిగ్గా చేద్దాం" అన్నాను. అప్పటి నుంచి రోజూ ప్రార్థనలో మొదటి పేరు అమ్మమ్మదే. ఆమెకి మోకాళ్ళ నొప్పులు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మమ్మా, ఈ వారం నొప్పి తగ్గిందా?" అని వాడే అడుగుతాడు.

సిస్టర్, మీరుండేది మియాపూర్ అన్నారు కాబట్టి ఇంకో మాట. ఒక శనివారం పిల్లల్ని తీసుకుని మెదక్ చర్చికి వెళ్ళి రండి. ఆ చర్చి 1914లో మొదలుపెట్టి 1924లో పూర్తి చేశారు. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొర ఊరికే పంచిపెట్టకుండా జనానికి పని కల్పించి తిండి పెట్టాడు, ఆ పనితోనే అంత గుడి లేచింది. మా పిల్లలకి అది మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. "అంటే ఈ రాళ్ళు అన్నం తిన్న వాళ్ళు మోశారా?" అని మా చిన్నోడు రాతి గోడ తడిమి చూశాడు. లోపల రంగు అద్దాల కిటికీల్లో ప్రభువు పుట్టడం, సిలువ, ఆరోహణం ఉంటాయి. మేము వెళ్ళిన రోజు మబ్బు. లైటు వెయ్యమని అడిగాడు. లోపల లైటు వేస్తే కనపడవు, బయట ఎండ రావాలి అని చెప్పాను. వాడు ఆ ఎండ వచ్చేదాకా, దాదాపు ముప్పావుగంట, బెంచీ మీద నుంచి లేవలేదు. ఇంట్లో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లాడు.

---

మియాపూర్ అమ్మ రాశారు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు రోజులుగా ఇవన్నీ చదువుతూనే ఉన్నాను. ఒడి గురించి రాసిన చోట ఏడుపొచ్చింది అక్కా.

మొన్న రాత్రి బాబు గదిలోకి వెళ్ళి సారీ చెప్పాను. తోక తగిలించలేదు. వాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "ఊఁ" అన్నాడు. అంతేనా అనుకుని లేచాను. తలుపు దగ్గరికి వచ్చాక, "అమ్మా, ఆ రోజు నీకు ఆఫీసులో ఏమైంది?" అని అడిగాడు. తిరిగి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. పైఆయన అందరి ముందూ అన్న మాటలు చెప్పాను. పదేళ్ళ పిల్లాడికి ఇవన్నీ ఎందుకు అని ఎప్పుడూ చెప్పేదాన్ని కాదు. మొత్తం విన్నాడు. విని, "ఆయన కోసం ప్రార్థన చేద్దామా, నీ కోసం చేద్దామా?" అన్నాడు. ఇద్దరి కోసం వాడే చేశాడు. రెండు వాక్యాలు. ఆరు రోజుల తర్వాత మా ఇంట్లో అదే మొదటి ప్రార్థన.

తాతయ్య గారూ, ఆపకండి అన్నారు, ఆపలేదండి. నిన్న రాత్రి చాప వేశాను, పాప ఒళ్ళోనే కూర్చుంది. మొత్తం ఏడు నిమిషాలు. ఆయన దారిలో ఉండి ఫోన్ స్పీకర్‌లో విన్నారు, మెట్రో చప్పుడు కూడా వినపడుతూనే ఉంది.

ఈ రోజు పొద్దున హార్లిక్స్ సీసా ఒకటి కడిగి, ఆరబెట్టి, బియ్యం డ్రమ్ము పక్కన పెట్టాను. నాలుగు వేపాకులు కూడా వేశాను. మా చర్చిలో ఇలా బియ్యం తీసుకునే అలవాటు లేదు. వాచ్‌మన్ వాళ్ళింట్లో బాలింత ఉంది, వాళ్ళకి ఇద్దామని పాప అంది. అయితే పొద్దున్నే ఇద్దరికీ తగువు మొదలైంది అక్కా. ఒక పిడికెడు అంటే ఎవరి పిడికెడు? పాపది చిన్నదని బాబు ఒప్పుకోవడం లేదు. తనది వెయ్యకపోతే అన్నం తిననని పాప.

---

పిడికెడు బియ్యం రాశారు:

ఆ పూట బియ్యం ఎవరు కడిగితే వాళ్ళ పిడికెడు, చెల్లీ. మా ఇంట్లో అలాగే తేలింది. దాంతో మా బాబుకి అన్నం వండటం కూడా వచ్చేసింది.